నవ్వితే కూలిపోయేవాళ్ళు

తాకువరెంబో,
12 మార్చి 2001

డాక్టర్ మిరేయా సోసా గారికి,

నమస్కారాలు. నేను మీకు గుర్తుండొచ్చు, ఉండకపోవచ్చు. పన్నెండేళ్ళ కిందట మోంతెవిదేయోలో దోన్యా పెర్పెతువా గారి హాస్టల్లో మనిద్దరం ఏడు నెలలు ఒకే గదిలో ఉన్నాం. మీరు వైద్యం రెండో ఏడు, నేను లా మొదటి ఏడు. ఇప్పుడు మా ఊరి రేడియోలో పనిచేస్తున్నాను. రోజూ మధ్యాహ్నం పన్నెండుంబావుకి పల్లెలకి కబుర్లు చదువుతాను. ఫలానావారి కోడలికి కాన్పయింది, తల్లీబిడ్డా క్షేమం. ఫలానా ఆయన గురువారం బస్సులో దిగుతాడు, రోడ్డు దగ్గరికి గుర్రం పంపండి. ఫోన్లు లేని చోట్లకి మా రేడియోయే ఫోను. పదకొండేళ్ళుగా ఇదే నా పని.

నిన్నటి పేపర్లో మీ ఫొటో చూశాను. కలలొచ్చే నిద్రని మెదడులో ఏ కణాలు నడుపుతాయో మీరు ఎలుకల్లో వెతుకుతున్నారని రాశారు. అందుకే ఈ ఉత్తరం. మా శ్రోత ఒకామెకి ఒక బాధ ఉంది. పేరు బయటపెట్టొద్దని కోరింది. పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర తన్నుకొస్తుందట. నిద్ర పట్టీ పట్టకముందే గదిలో ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపిస్తారట, లేద్దామంటే చెయ్యి కూడా కదలదట. ఊళ్ళో డాక్టరు రక్తం తక్కువని టానిక్కు రాశాడు. ఇంట్లోవాళ్ళు బద్ధకం అంటారు. ఇదేమిటో, దీనికి ఎవరిని కలవాలో రెండు ముక్కలు రాస్తే ఆమెకి చెబుతాను.

మీ సమయం తీసుకున్నందుకు మన్నించండి.

నీబియా ఒలివేరా


మోంతెవిదేయో,
24 మార్చి 2001

నీబియా,

గుర్తుండకపోవడం ఏమిటి? "గారు", "మీరు" చదివి కవరు తిప్పి చూసుకున్నాను, వేరేవాళ్ళ ఉత్తరం వచ్చిందేమోనని.

ఆ శ్రోతకి ఇలా చెప్పు. మామూలు మనిషి కన్ను మూశాక గంటన్నరకి గాని కలల నిద్రలోకి వెళ్ళడు. ఆ నిద్రలో కళ్ళూ ఊపిరీ తప్ప ఒళ్ళంతా పట్టు వదిలేస్తుంది. లేకపోతే కలలో పరిగెత్తేవాడు నిజంగానే మంచం దిగి పరిగెడతాడు. మెదడు అడుగున, ముక్కు వెనక, బాదం గింజంత చోటు ఉంది. దాన్ని హైపోథాలమస్ అంటాం. ఆకలి, దాహం, జ్వరం అన్నీ అక్కడివే. అందులో కొన్ని వేల కణాలు ఒరెక్సిన్ అనే రసాయనం విడుదల చేస్తూ మెలకువని నిలబెడతాయి. కలల నిద్ర మెలకువలోకి చొరబడకుండా కాపలా కాస్తాయి. ఈ జబ్బుతో బతికి చనిపోయినవాళ్ళ మెదళ్ళని నిరుడు విదేశాల్లో కోసి చూశారు. సరిగ్గా ఆ కణాలే దాదాపు లేవు. చుట్టుపక్కలవన్నీ నిక్షేపంగా ఉన్నాయి. కాబట్టి ఇది బద్ధకం కాదు, టానిక్కుకి పోయేది కాదు.

నేను పనిచేసేది వాటి పక్కింటి కణాల మీద. ఎం.సి.హెచ్ కణాలంటాం. అవి ఆకలికి సంబంధించినవని అందరూ అంటారు. కలల నిద్రని పిలిచేవి అవేనని నా అనుమానం. మా ప్రొఫెసర్ లారాల్దే నవ్వుతాడు.

నీ శ్రోతని ఈ ప్రశ్నలు అడుగు. గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు వదిలేస్తాయా? దవడ జారుతుందా? పడిపోయినప్పుడు తెలివి ఉంటుందా, చుట్టుపక్కలవాళ్ళ మాటలు వినపడతాయా? ఇది ఎన్నో ఏట మొదలైంది?

జవాబు కోసం చూస్తుంటాను.

మిరేయా


తాకువరెంబో,
9 ఏప్రిల్ 2001

డాక్టరు గారికి,

అడిగాను. ఆమె చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

నవ్వితే పడుతుంది. ఏడిస్తే కాదు, భయపడితే కాదు, నవ్వితేనే. అదీ తనకి నచ్చినవాళ్ళ మాటకి వచ్చే నవ్వయితే మరీను. ముందు దవడ, తరవాత మెడ, తరవాత మోకాళ్ళు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తెలివి ఉంటుంది. మాటలు వినపడతాయి, అన్నీ. పద్దెనిమిదో ఏట మొదలైంది. అందుకని జనంలో ఉండగా నవ్వదు. పొగరనుకుంటారు. పాట నడుస్తున్నంతసేపూ నిద్ర ఆపుకోడానికి అరచేతిలో గోళ్ళు గుచ్చుకుంటుంది.

ఆమె ఒక సందేహం అడిగింది. ఆమె చదువుకున్నది కాదు, తప్పుగా అనుకోకండి. కాపలావాడు చచ్చిపోయినంత మాత్రాన గేటు దానంతట అది తెరుచుకోదు కదా? అవతలి నుంచి ఎవరో తొయ్యాలి కదా? కాపలావాడి సంగతి అందరూ చెబుతున్నారు, తోసేవాడెవడో ఎవరూ చెప్పరేం?

ఏటి అవతలి దేశంలో పశువులకి గాలికుంటు వచ్చిందని ఇక్కడ సంతలన్నీ ఆపేశారు. రోడ్ల మీద మందు నీళ్ళు పోసిన గోనెపట్టాలు పరిచారు. కబుర్లు మామూలు కంటే మూడింతలు వస్తున్నాయి. అందుకే ఆలస్యం.

నీబియా ఒలివేరా


మోంతెవిదేయో,
20 ఏప్రిల్ 2001

నీబియా,

పల్లెలో రేడియో వినే ఆడమనిషి పాట నడుస్తున్నంతసేపూ ఎందుకు గోళ్ళు గుచ్చుకోవాలి? పాట అయిపోగానే మాట్లాడాల్సినవాళ్ళు గుచ్చుకుంటారు. నీ గడ్డం కింద మచ్చ ఉంది, మెట్ల మీద పడ్డప్పటిది. ఆ రోజు ఎవరో జోకు చెప్పారు. నాకు గుర్తుంది.

నాతో దాగుడుమూతలు వద్దు. ఇక్కడికి రా. రెండు రోజులు చాలు. తలకి తీగలు పెట్టి పగలంతా రెండు గంటలకోసారి పడుకోబెడతాం. నిద్రలోకి ఎన్ని నిమిషాలకి వెళ్తావో, కల ఎన్ని నిమిషాలకి వస్తుందో కాగితం మీద గీత పడుతుంది. వెన్నులోంచి కాస్త నీరు తీసి బయటి దేశానికి పంపితే ఒరెక్సిన్ ఉందో లేదో తేలుతుంది.

ఆ సందేహం అడిగిన చదువుకోని మనిషికి నా నమస్కారాలు చెప్పు. వారం రోజులుగా అదే నా బుర్రలో తిరుగుతోంది. లారాల్దేకి చెప్పాను. "రేడియో వాళ్ళు నా లాబ్ నడపనక్కర్లేదు" అన్నాడు. ఎలుకలు నావి, డిసెంబరు దాకా నా చేతిలో ఉంటాయి. చూస్తాను.

ఎప్పుడొస్తావు?

మిరేయా


తాకువరెంబో,
22 మే 2001

మిరేయాకి,

నెల దాటింది, నీకు జవాబు రాయలేదు. ఆ శ్రోత నేనే. నువ్వు పట్టుకున్నందుకు కోపం వచ్చి ఊరుకున్నాను. ఊరుకున్న నెలలోనే జరగకూడనిది జరిగింది.

మే ఎనిమిదో తారీకున నా చేతిలో కాగితం మీద ఇలా ఉంది: పాసో ఓందోలో దోన్ సిస్తో ఆర్బెలోకి, మీ భార్య ఆపరేషను శుక్రవారానికి వాయిదా పడింది, అప్పటిదాకా రోడ్డు మీదికి రావద్దు. నేను చదివింది ఇలా: దోన్ సిస్తో ఆర్బెలోకి, మీ భార్యని ఆసుపత్రి నుంచి పంపేశారు, ఈ సాయంత్రం బస్సులో వస్తుంది, బండి తీసుకుని రోడ్డు మీద ఉండండి. ప్రమాణం చేసి చెబుతున్నాను మిరేయా, నేను కల్పించలేదు. ఆ అక్షరాలు కాగితం మీద కనిపించాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, గొంతు ఎప్పటిలాగే ఉంది. కల వచ్చి కాగితం మీద కూర్చుంది.

ఆయన వానలో మూడింటి నుంచి చీకటి పడేదాకా నిలబడ్డాడు. డెబ్భై నాలుగేళ్ళు. న్యుమోనియా పట్టుకుని భార్య ఉన్న ఆసుపత్రికే తెచ్చారు. దోన్ ఎలాదియో, అంటే మా స్టేషను యజమాని, నన్ను పిలిచాడు.

"సెలవు తీసుకో" అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"అది కూడా నేనే చెప్పాలా?"

ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ముసలాయన నన్ను చూసి "ఎవరూ?" అన్నాడు.

"నీబియానండీ. రేడియో నీబియా."

"గొంతు కంటే మనిషి పొట్టిగా ఉన్నావే" అన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. విని, కాసేపు దగ్గి, "నువ్వు చెప్పావు కాబట్టి నించున్నానమ్మా. ఇంకెవరన్నా చెప్పుంటే పక్క ఎస్టేటుకి పోయి ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి. నీ మాట మీద అనుమానం ఎందుకొస్తుంది?" అన్నాడు. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆయన భార్య ఆడవాళ్ళ వార్డులో ఉంది. అక్కడికీ వెళ్ళాను. "తాగి చదివావా?" అని సూటిగా అడిగింది.

"లేదమ్మా."

"మరి?"

"కల వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాను."

"అబద్ధం ఆడదల్చుకుంటే ఇంతకంటే మంచిది దొరికేది నీకు" అని పక్కకి తిరిగి పడుకుంది.

ముసలాయన బతికాడు. నిన్ననే ఇంటికి పంపారు. ఇప్పుడు కబుర్లు దోన్ ఎలాదియోయే చదువుతున్నాడు, మధ్యమధ్య దగ్గుతూ. ఎవరు పుట్టారో ఎవరు పోయారో జనానికి తెలియడం లేదు.

నేను ఇంట్లో కూర్చుని పింఛను కాగితాలు నింపుకునే రకాన్ని కాదు. నువ్వు తీగలే పెడతావో, సూదులే పొడుస్తావో నీ ఇష్టం. నాకున్నదానికి ఒక పేరు, దాని కింద ఒక సంతకం, పక్కన ఒక ముద్ర కావాలి. ఆ కాగితం ఎలాదియో బల్ల మీద పెట్టి నా మైకు నేను తెచ్చుకుంటాను.

తారీకు చెప్పు.

నీబియా


మోంతెవిదేయో,
7 జూన్ 2001

నీబియా,

జూలై పదహారు, సోమవారం రా. యూనివర్సిటీ ఆసుపత్రిలో యంత్రం రెండు రోజులు ఇప్పించుకున్నాను. తీగలు నేనే పెడతాను. పదిహేను రోజుల ముందు నుంచీ ఏ మందూ వేసుకోకు. టానిక్కు కూడా.

నువ్వు వచ్చి నా చేతికి తల అప్పగించే ముందు నేనొకటి చెప్పాలి. నాలుగు సార్లు రాసి చింపాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం, నా పుట్టినరోజు. మన గదిలో నేను కెమిస్ట్రీ మాస్టారి నడక నడిచి చూపించాను. నువ్వు నవ్వి నవ్వి మంచానికీ అల్మరాకీ మధ్య కూలిపోయావు. దోన్యా పెర్పెతువా తలుపు తోసుకుని వచ్చి "ఇది తాగిందా?" అంది. నేను "తెలీదండీ" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. రెండు రోజుల్లో నీ పెట్టె గుమ్మం బయట ఉంది. నువ్వు లా చదువు వదిలేసి ఊరికి వెళ్ళిపోయావు. బస్సు దాకా కూడా నేను రాలేదు, పరీక్ష ఉందని చెప్పాను.

తాగినవాళ్ళు అలా పడరని నాకప్పుడే తెలుసు. రెండేళ్ళ తరవాత నిద్ర గురించిన పాఠంలో ఆ జబ్బు పేరు విన్నాను. వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకోలేకపోయాను. నిద్ర మీద ఎందుకు పనిచేస్తున్నారని పేపరువాళ్ళు అడిగితే "ఆసక్తి" అన్నాను. అది ఆసక్తి కాదు.

నీకు ఇది తెలియకుండా నీ తలకి తీగలు పెట్టలేను. రావడం మానేస్తే ఇంకో డాక్టరు పేరు ఇస్తాను, నాకంటే మంచివాడు.

మిరేయా


తాకువరెంబో,
19 జూన్ 2001

మిరేయా,

పడిపోయినవాళ్ళకి తెలివి ఉంటుందా, మాటలు వినపడతాయా అని నన్ను అడిగింది నువ్వే. వినపడతాయని రాశాను. అప్పుడైనా నీకు తట్టలేదా?

నువ్వు చెప్పింది సగం. సీసా నీది. తేనె కలిపిన గ్రప్పా సారా. గుమ్మంలో అడుగుల చప్పుడు కాగానే నువ్వు దాన్ని కాలితో నా మంచం కిందికి తోశావు. సీసా నేల మీద దొర్లిన చప్పుడు నా చెవికి జానెడు దూరంలో. నా కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. నీ బూట్లు కనిపిస్తున్నాయి, గోధుమ రంగువి, ఎడమదానికి లేసు ఊడి ఉంది. ఆవిడ వంగి సీసా తీసి "ఇదెవరిదీ?" అంది. నువ్వు ఏమీ అనలేదు. నాలిక కదిపితే చాలు, నాది కాదు అని చెప్పేదాన్ని. నాలిక కదలలేదు. నీకు కదిలేది.

పన్నెండేళ్ళు ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలని కూడా అనుకోలేదు.

పదహారున వస్తున్నాను. క్షమించి కాదు. ఆ ఇంకో డాక్టరు అక్కర్లేదు. నువ్వు మంచిదానివో కాదో నాకనవసరం, తీగలు సరిగ్గా పెట్టు.

నీబియా


మోంతెవిదేయో,
28 ఆగస్టు 2001

నీబియా,

సీసా నాదే.

ఇది ముందు రాయాలి, మిగతావి తరవాత. నువ్వున్న రెండు రోజుల్లో నాతో మాట్లాడింది మొత్తం మీద పది మాటలు ఉంటాయేమో, అందులో నాలుగు "తీగల జిగురు కళ్ళలోకి కారుతోంది". నోటితో చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను. సీసా నాదే, తోసింది నేనే, నోరు మూసుకున్నదీ నేనే. దోన్యా పెర్పెతువా ఇంకా ఉంది, కూతురి దగ్గర. పోయిన శుక్రవారం వెళ్ళి ఆవిడకి కూడా చెప్పాను. చాలాసేపు ఎవరి గురించో అర్థం కాలేదు. తరవాత "ఆ గొంతు బాగుండే అమ్మాయా?" అంది.

ఇక కాగితాలు. అయిదుసార్లు పడుకోబెట్టాం. అయిదుసార్లూ అయిదు నిమిషాల్లోపే నిద్రపోయావు. నాలుగుసార్లు నేరుగా కలల నిద్రలోకి వెళ్ళావు, మొదటిసారి మూడో నిమిషంలో. వెన్ను నీరు ఫలితం నిన్న వచ్చింది: ఒరెక్సిన్ కొలతకి అందనంత తక్కువ. అనుమానానికి తావు లేదు. పేరు, సంతకం, ముద్ర, అన్నీ ఇందులో పెట్టాను. నా సంతకం చాలదని నాడీ వైద్యుల సంతకం కూడా పెట్టించాను.

నీ దగ్గర ఇంకేదీ దాచను. పోయిన కణాలు తిరిగి రావు. వాటిని తెచ్చే మందు ఎవరి దగ్గరా లేదు, ఉందని ఎవరైనా చెబితే నమ్మకు. పగటి నిద్రకి ఒక మాత్ర, నవ్వితే పడిపోకుండా ఇంకో మాత్ర ఉన్నాయి. రెండోది కలల నిద్రని అణిచిపెడుతుంది. పడటం తగ్గుతుంది, పూర్తిగా పోదు. లెక్కప్రకారం వేళకి చిన్న కునుకులు తీస్తే మాత్రలంత పనిచేస్తాయి.

తోసేవాడి సంగతి. ఎలుకల్ని రెండు రోజులు కలల నిద్ర పోనివ్వకుండా ఆపి, తరవాత వదిలేశాం. అవి ఆవురావురుమంటూ కలల్లోకి దూకాయి. అప్పుడు మెదడు చూస్తే, ఆ నిద్రలో పనిచేసిన కణాలు రంగు పట్టి ఉన్నాయి. హైపోథాలమస్‌లో ఎం.సి.హెచ్ కణాలు గుంపులు గుంపులుగా! మామూలుగా పడుకున్న ఎలుకల్లో అరకొరగా. నీ గేటు తోసేవి ఇవేనేమో. ఒక్కసారి చూసినదాన్ని శాస్త్రం అనరు కాబట్టి మళ్ళీ చేస్తున్నాం. లారాల్దే సూక్ష్మదర్శిని దగ్గర పావుగంట వంగి చూశాడు. నవ్వలేదు. "మళ్ళీ చెయ్యి. ఈసారి ఏ ఎలుక ఏదో నీకు తెలియకుండా లెక్కపెట్టు" అన్నాడు. ఆయన నోట్లోంచి అది పెద్ద పొగడ్త.

ఎలాదియో ఏమన్నాడో రాయి.

మిరేయా


తాకువరెంబో,
25 సెప్టెంబరు 2001

మిరేయా,

ఎలాదియో కాగితం రెండుసార్లు చదివాడు. మాతే ఆకు టీ గిన్నె పక్కన పెట్టి, "ఇందులో తాగుడు అన్న మాట ఎక్కడా లేదే" అన్నాడు.

"లేదు."

"సరే, పాపం. మరి మళ్ళీ కలొస్తే? ఈసారి ముసలాడు చస్తే?"

"అది ఆలోచించుకునే వచ్చాను" అన్నాను. "పదకొండూ నలభైకి ఇరవై నిమిషాలు మీ గదిలో సోఫా మీద పడుకుంటాను, మీరు బయటికి పోతారు. కబుర్లు ఫోనులో రాసుకునే ఎల్బా నా పక్కనే కూర్చుంటుంది, చేతిలో రెండో కాపీతో. ప్రతి కబురూ రెండుసార్లు చదువుతాను. ఒక్క మాట తేడా వచ్చినా ఎల్బా చెయ్యెత్తుతుంది, నేను ఆపేస్తాను. శనివారం హాస్యం కార్యక్రమం నాకొద్దు, వేరేవాళ్ళకివ్వండి."

"ఎల్బాకి పని ఎక్కువవుతుంది."

"ఎల్బాని అడిగాను. మీ దగ్గు వినేకంటే అదే నయమంది."

కాసేపు గొణిగి "సరే, సోమవారం నుంచి రా. జనానికి ఊరెళ్ళావని చెబుదాం" అన్నాడు.

"అలాగైతే రాను."

"ఏం?"

"ఎక్కడికీ పోలేదు నేను. జరిగింది నా నోటితోనే చెప్పాలి. నా మాట నమ్మి ఒకాయన వానలో నిలబడ్డాడు. ఎందుకు తప్పు చదివానో తెలియకపోతే ఇకమీదట ఎందుకు నమ్మాలి?"

"నీకు నిజంగానే పిచ్చి పట్టింది. జనం రేడియో కట్టేస్తారు."

"కట్టేస్తే కట్టేయనివ్వండి. తెలిసి కట్టేయడం వేరు."

పదిహేడో తారీకు సోమవారం పన్నెండుంబావుకి మొదటి కబురుగా నా కబురే చదివాను. మెదడులో కొన్ని కణాలు పోయాయని, వాటివల్ల కల మెలకువలోకి వస్తుందని, నవ్వితే పడతానని, తాగనని, దీన్ని నయం చేసే మందు లేదని, ఇకనుంచి ప్రతిదీ రెండుసార్లు చదువుతానని. దోన్ సిస్తో పేరు చెప్పి క్షమాపణ అడిగాను. ఎల్బా చెయ్యి ఎత్తలేదు. తరవాత మిగతా ఇరవై ఆరు కబుర్లూ చదివాను.

అయ్యేసరికి ఫోను మోగుతోంది. దోన్ సిస్తో భార్య, ఎస్టేటు ఫోను నుంచి. "ఇంక ఆ దగ్గు గొంతు వినక్కర్లేదు కదా?" అని అడిగి పెట్టేసింది.

నీ సంగతి. "సీసా నాదే" అన్నది చదివాను. దాన్ని చింపలేదు, మళ్ళీ చదవలేదు. ముసలావిడ దగ్గరికి వెళ్ళమని నేను నిన్ను అడగలేదు, వెళ్ళావు. కోపం ఇంకా ఉంది, ఇంకొన్నాళ్ళు ఉంటుంది. దానివల్ల పనేమీ ఆగదు, నీదైనా నాదైనా. ఎలుకల్ని లెక్కపెట్టడం అయిందా?

ఇంకో మాట. ఆ రోజు నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. "మా అమ్మాయికీ అంతే", "మా మరిదిని పనిలోంచి తీసేశారు, అందరూ తాగుబోతంటారు". ఇప్పటికి నాలుగు. ఏం చెయ్యమంటావు?

నీబియా


మోంతెవిదేయో,
16 అక్టోబరు 2001

నీబియా,

లెక్క అయింది. ఏ ఎలుక ఏదో తెలియకుండా మూడు వారాలు లెక్కపెట్టాను, తరవాత లారాల్దే చీటీలు విప్పాడు. మొదటిసారి చూసిందే మళ్ళీ కనిపించింది. ఇంకా చాలా చెయ్యాలి. తోసేది అవేనా, లేక తోస్తున్నప్పుడు పక్కన నిలబడేవా అన్నది వేరే ప్రశ్న. ఆ రసాయనాన్నే ఎలుక మెదడులో వేసి చూస్తే గాని తేలదు. డిసెంబరు గడువు లారాల్దే కొట్టేశాడు. ఇంకో రెండేళ్ళు ఇచ్చాడు.

నాలుగు ఉత్తరాలన్నావు. నీ జిల్లా జనాభాకి లెక్కేస్తే ముప్ఫై మందికి తక్కువుండరు. అందులో తన జబ్బు పేరు తెలిసినది బహుశా నీకొక్కదానికే. వాళ్ళు ఇక్కడికి రాలేరు. నేనే వస్తాను. యంత్రం ఒకటి మోసుకుని రావచ్చని లారాల్దే ఒప్పుకున్నాడు. నవంబరు పదిహేడు, శనివారం. చోటు చూడు. నయం చేస్తామని మాత్రం ఎవరికీ చెప్పకు.

నీకు అభ్యంతరమైతే నేను కాక ఇంకొకళ్ళని పంపుతాను.

మిరేయా


తాకువరెంబో,
8 నవంబరు 2001

ఒసే మిరేయా,

ఇంకొకళ్ళెందుకు? నువ్వే రా.

పన్నెండు మంది అయ్యారు. క్లబ్బువాళ్ళు హాలు ఇచ్చారు, మంచాలు సైనిక శిబిరం నుంచి అడిగి తెచ్చాం. నయం చేస్తామని ఎవరితోనూ అనలేదు. పేరు చెబుతాం, కాగితం ఇస్తాం అన్నాను. ఒక్కళ్ళు కూడా వెనక్కి తగ్గలేదు. దోన్ ఎలాదియో పేరు రాయించుకోడానికి వచ్చినవాళ్ళని చూసి "నా స్టేషను ఆసుపత్రి చేశావు" అని తిడుతూనే కుర్చీలు లెక్కపెడుతున్నాడు.

నిన్న జరిగింది చెబుతాను. పొద్దున పదింటికి స్టేషనుకి ఒక జంట వచ్చింది. ఆయన నికానోర్ పిరిస్, మందలు తోలేవాడు, అరవై ఒకటి. టోపీ చేతిలో పట్టుకుని రాయిలా నిలబడ్డాడు. మాట్లాడిందంతా భార్య ఓర్ఫీలియానే.

"ఈయన నవ్వడమ్మా. పెళ్ళయి ముప్ఫై రెండేళ్ళు. మొదటి పదేళ్ళూ నవ్వాడు, తరవాత ఆపేశాడు. నేనేమన్నా అంటే లేచి పెరట్లోకి పోతాడు. మావాళ్ళ పెళ్ళిళ్ళకి, పండగలకి రాడు. మొన్న నీ కబురు వింటూ ఈయన చేతిలో మాతే గిన్నె జారిపోయింది. ఏమిటయ్యా అంటే చెప్పడు. నువ్వడుగు."

అడిగాను. ఆయన నేల చూస్తూ చెప్పాడు. "రెండుసార్లు గుర్రం మీంచి పడ్డాను. రెండుసార్లూ నవ్వుతుండగానే. మందలు తోలేవాడు గుర్రం మీంచి పడితే ఎవరు పిలుస్తారు? అందుకని నవ్వడం మానేశా."

ఓర్ఫీలియా చటుక్కున ఆయన వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నువ్వు నవ్విస్తున్నావు, నోరు మూసుకో అనా?"

"అంటే... నా మాటలకి నీకు నవ్వొచ్చేదా?"

"ప్రతిసారీ వచ్చేది. అందుకే పెరట్లోకి పోయేవాణ్ణి."

ఆమె కుర్చీ ఆయన వైపు జరుపుకుంది. "మా మేనత్త గాడిదని పాదిరిగారికి తాకట్టు పెట్టిన కథకి కూడా?"

అంతే. ఆయన పెదవి చివర వణికింది, దవడ జారింది, మెడ వాలింది. నేను చెయ్యి పట్టుకునేలోపే మోకాళ్ళు మడిచి నేల మీద కూర్చుని, పక్కకి ఒరిగిపోయాడు. ఎలాదియో "అంబులెన్సు! అంబులెన్సు!" అని అరుస్తూ పరిగెత్తాడు. "ఆగండి, ఏమీ కాదు" అని నేను అరిచాను. ఓర్ఫీలియా మాత్రం కంగారు పడలేదు. నేల మీద చతికిలబడి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. "ఈయనకి వినపడుతోందా?" అని నన్నడిగింది.

"వినపడుతోందమ్మా."

"అయితే వినవయ్యా. ఇరవై రెండేళ్ళు నేనంటే నీకు పడదనుకున్నాను" అని ఆ గాడిద కథ మొదటి నుంచి ఎత్తుకుంది. కళ్ళు తుడుచుకుంటూ, ఎక్కడా ఆపకుండా, చివరిదాకా చెప్పింది. అయ్యేసరికి ఆయన చెయ్యి మెల్లగా లేచి ఆమె మోకాలి మీద పడింది. ఇంకోటి చెప్పమన్నాడు.

నేను గోడని పట్టుకుని నిలబడ్డాను. నవ్వేశాను. మాత్ర పనిచేస్తోంది, దవడ దాకానే వచ్చి ఆగింది.

పదిహేడున తొమ్మిదింటికి బస్టాండులో ఉంటాను. ఆయన పేరు జాబితాలో పన్నెండోది. తీగలు రెండు కట్టలు ఎక్కువ తెచ్చుకో, జిగురు కూడా.

నీ నీబియా